సంగం నుంచి తుమ్మలపెంట దాకా

ఫిబ్రవరి నెలలో నెల్లూరు వంతెన మీద నిలబడి పెన్నను చూస్తే ఈ నది ఊళ్లు ముంచుతుందంటే నమ్మబుద్ధి కాదు. బ్యారేజీకి ఎగువన నీళ్లు కదలకుండా ఉన్నాయి. దిగువన ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నటి పాయలు, పాయల్లో పడుకున్న గేదెలు, ఒడ్డు వెంట సర్కారు తుమ్మ. నేను కృష్ణ ఒడ్డువాణ్ణి. మా నదికి వరద వస్తుంటే ఆల్మట్టి నుంచి, శ్రీశైలం నుంచి, సాగర్ నుంచి ముందే కబురు అందుతుంది. పెన్న తీరు వేరు. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప మెట్ట నేలల మీదుగా 597 కిలోమీటర్లు వచ్చి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఈ నది ఏడాదిలో చాలా కాలం ఒట్టి ఇసుకే. అక్టోబరు దాటాక బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మాత్రం రెండు మూడు రోజుల్లో ఒడ్డు తెంచుకుంటుంది.

2021 నవంబరులో అదే జరిగింది. 19వ తేదీన ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది. సోమశిల జలాశయం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే దారి, దేశంలో పెద్ద దారుల్లో ఒకటి, అక్కడ తెగి ఆగిపోయింది. నా ప్రయాణం ఆ పడుగుపాడు మీదుగానే మొదలైంది. ఇప్పుడు చూస్తే రైసుమిల్లుల దుమ్ము, ధాన్యం లారీలు, ఎప్పటిలా హడావుడి.

దామరమడుగులో టీ కోసం ఆగాను. కొట్టు నడిపే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. గ్లాసు చేతికిచ్చే ముందు ఒక చెంబుతో నీళ్లు పెట్టింది. అడక్కుండానే. వరద సంగతి కదిపితే, అందరూ చెప్పే సంగతులు, ఎంత ఎత్తు వచ్చింది, ఎన్ని గొడ్లు పోయాయి అన్నవి ఆవిడ ఎత్తలేదు.

"కరెంటు పాయ, బోరు మునిగిపాయ నాయనా. మిద్దె మీద ఉండాం అందరం. మా కోడలికి అప్పుడు చంటిబిడ్డ. డబ్బా పాలు ఉండాయి, కలిపేదానికి నీళ్లు యాడుండాయి? వాన నీళ్లు బిందెలో పట్టినాం. కాచేదానికి పొయ్యి కిందనే మునిగిపాయ. ఆ బిడ్డ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉండాది."

పక్కన బెంచీ మీద కూర్చున్న రైతు ఒకాయన తల ఊపాడు. మర్నాడు పడవలో అన్నం పొట్లాలు వచ్చాయట. నీళ్లు ఆ తర్వాత వచ్చాయట. పొట్లం అన్నం తిన్నాక దాహం ఇంకా ఎక్కువైందని ఆయన మామూలుగా చెప్పాడు.

వింటుంటే నాకు మా సింగ్‌నగర్ కళ్ల ముందు కదిలింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు లక్షల మంది మేడల మీద చిక్కుకుపోయారు. హెలికాప్టర్లు వచ్చాయి, డ్రోన్లతో ఆహారం పొట్లాలు, నీళ్ల సీసాలు దించారు. ఊరి పొడి భాగంలో ఉన్న మేము చేతికందిన సీసాలు కొని ట్రాక్టర్ల మీద పంపాం. పెద్ద నగరంలో, ముఖ్యమంత్రి కలెక్టరేటులోనే మకాం వేసిన చోట కూడా లోపలి వీధులకు తాగునీరు చేరడం ఆలస్యమైంది. మరి ఏ డ్రోనూ రాని దామరమడుగు వంటి పల్లెల మాటేమిటి? ఆ ప్రశ్నే నన్ను ఈ దారి పట్టించింది.

బుచ్చిరెడ్డిపాళెం దాటితే కళ్లకు చల్లన. నెల్లూరుసీమలో వరి మా వైపులాగా ఆగస్టులో నాటేది కాదు. వానలు పడ్డాక నాటి మార్చి, ఏప్రిల్‌లో కోస్తారు. అందుకే కృష్ణా డెల్టాలో మినుము చేలు చూసి వచ్చిన నాకు ఇక్కడ పొట్ట మీదున్న పచ్చటి వరి ఎదురైంది. కనిగిరి జలాశయం గట్టు, కాలువల వెంట కొంగలు. మధ్యాహ్నానికి ముందు ఒక బండి దగ్గర పులిబొంగరాలు తిన్నాను. పులిసిన పిండి, గుంటల పెనం, పైన ఎర్రటి కారప్పొడి. ఇంత కారానికి నీళ్లు కావాలి కదా అనుకునే లోపే బండాయన గ్లాసు ముందుకు జరిపాడు. అవి ఇరవై లీటర్ల క్యాన్‌లోంచి పట్టిన నీళ్లు. ఇంటి దగ్గర కుళాయి ఉన్నా వచ్చినవాళ్లకు క్యాన్ నీళ్లే పోయడం ఇప్పుడు మర్యాద అయింది, ఇక్కడా మా ఊళ్లోనూ.

సంగం చిన్న ఊరే. బీరాపేరు వాగు వచ్చి పెన్నలో కలిసే చోట, ఒడ్డున సంగమేశ్వరస్వామి గుడి. శివరాత్రి హడావుడి కనిపిస్తోంది, పందిరి కర్రలు దించుతున్నారు. గుడి మెట్ల మీద నిలబడితే బ్యారేజీ గేట్ల వరుస కనబడుతుంది. ఇక్కడ 1880ల్లో తెల్లవాళ్లు కట్టిన పాత ఆనకట్ట ఉండేది. నూరేళ్లు దాటి పనిచేసింది. నది పొంగితే దాని మీది దారి మునిగి, అవతలి పొదలకూరు వైపు ఊళ్లకు రాకపోకలు నిలిచిపోయేవి. కొత్త బ్యారేజీని 2022 సెప్టెంబరు 6న ప్రారంభించారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూసిన మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు పెట్టారు. ఇప్పుడు దాని మీద వంతెన ఉంది. సాయంత్రం పూట ఆ వంతెన మీద అవతలి ఊళ్ల ఆడవాళ్లు గడ్డిమోపులతో, పిల్లలు సైకిళ్లతో వస్తుంటే, ఒక కట్టడం మనుషుల రోజును ఎంత మారుస్తుందో తెలిసింది.

నీరు నిలిపే పనిలో మనకు నూటయాభై ఏళ్ల చేయి తిరిగిన అనుభవం ఉంది. కాలువ తీయడం, తూము కట్టడం, వంతు ప్రకారం పారించడం ఈ జిల్లా రైతుకు పుట్టుకతో వచ్చిన విద్య. పైరుకు నీళ్లు ఎప్పుడు వదలాలో ముందే లెక్క కట్టుకునే చోట, మనిషి గొంతుకు వరద రోజున నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయన్న లెక్క మాత్రం ఎవరి దగ్గరా లేదు. సంగంలో నేను అడిగినవాళ్లంతా ఒక్కటే చెప్పారు: "అప్పటికి ఎవరో ఒకరు తెస్తారు సార్."

ఆ మాట దగ్గర నాకు అమెరికాలోని కార్టర్స్‌విల్ గుర్తొచ్చింది. అట్లాంటాకు ఉత్తరాన ఉన్న చిన్న ఊరు అది. మన తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడ్డ ప్రాంతానికి దగ్గర్లోనే ఉంది. అక్కడ ఆన్‌హైజర్-బుష్ కంపెనీకి పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉంది. ఆ కంపెనీ 1988 నుంచి, రెడ్‌క్రాస్‌తో చేతులు కలిపి, విపత్తుల కోసం బీరు టిన్నుల్లో మంచినీళ్లు నింపి పంపుతోంది. ఇప్పటికి తొమ్మిది కోట్లకు పైగా టిన్నులు ఇచ్చింది. 2015 మే నెలలో టెక్సస్, ఓక్లహామా వరదల్లో ఉన్నప్పుడు కార్టర్స్‌విల్‌లో రాత్రికి రాత్రి బీరు ఆపేసి, అదే యంత్రాల మీద యాభై వేలకు పైగా నీళ్ల టిన్నులు నింపారు. 2024 సెప్టెంబరులో, మా బుడమేరు పొంగిన నెలలోనే, హెలీన్ తుపాను నార్త్ కరోలైనాలో ఆష్‌విల్ నగరం నీటి సరఫరాను ధ్వంసం చేసింది. అంత సంపన్న దేశంలో ఆ ఊరి కుళాయిల్లో తాగగలిగే నీళ్లు రావడానికి 53 రోజులు పట్టింది. అప్పుడూ ఆ నీళ్ల టిన్నులు వెళ్లాయి.

బీరు ఫ్యాక్టరీయే ఎందుకంటే, బీరులో ఎక్కువ భాగం నీరే. ఒక లీటరు బీరు తయారు కావాలంటే కడుగుళ్లతో కలిపి మూడు నుంచి అయిదు లీటర్ల దాకా నీళ్లు ఖర్చవుతాయి. అందుకని నీటిని వడకట్టి శుద్ధిచేసే పెద్ద ఏర్పాటు ఆ ఫ్యాక్టరీలో ముందే ఉంటుంది. నింపే యంత్రం నిమిషానికి వందల టిన్నులు నింపి మూత బిగిస్తుంది. గొట్టాలను వేడినీళ్లతో, మందులతో కడిగి బీరు బదులు నీళ్లు వదలడమే మార్పు. ఒక్క చిక్కు ఉంది. పల్చటి అల్యూమినియం టిన్ను గట్టిగా నిలబడేది బీరులోని గ్యాసు లోపలి నుంచి నెట్టడం వల్ల. మామూలు నీళ్లు పోస్తే అది నొక్కుకుపోతుంది. అందుకే మూత పడే ముందు ద్రవ నైట్రోజన్ చుక్క ఒకటి వేస్తారు. అది ఆవిరై లోపల బిర్రుగా పట్టి ఉంచుతుంది. నీళ్ల రుచి మారదు. టిన్ను వెలుతురు చొరనివ్వదు, ఎత్తు నుంచి దించినా ప్యాకెట్‌లాగా పగలదు, ఒకదాని మీద ఒకటి పేర్చి నెలల తరబడి గోదాములో ఉంచవచ్చు.

మన ఇరవై లీటర్ల క్యాన్‌ను మొలలోతు నీళ్లలో ఎవరు మోస్తారు? దామరమడుగు మిద్దె మీదికి దాన్ని ఎలా ఎక్కిస్తారు? 355 మిల్లీలీటర్ల టిన్నులు ఎనిమిది ఉంటే ఒక మనిషికి రోజు తాగేందుకు సరిపోతాయి. ఇరవై నాలుగు టిన్నుల అట్టపెట్టె ఒకటి మిద్దె మీదికి అందిస్తే ముగ్గురికి రోజు గడుస్తుంది. విపత్తు సాయం చేసే సంస్థలు అనుసరించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు అన్నారు. అందులో వంటా, శుభ్రతా కలిసి ఉన్నాయి. అన్ని నీళ్లు టిన్నులతో తీరవు. అది ట్యాంకర్లూ క్లోరిన్ బిళ్లలూ చేసే పని. టిన్నుల పని మొదటి రెండు మూడు రోజులదే. మనుషులు తల్లడిల్లేదీ ఆ రెండు మూడు రోజులే.

సంగం నుంచి ఉత్తరంగా కలిగిరి దారి పడితే పచ్చదనం కాసేపట్లో వెనక్కి పోతుంది. కాలువ నీళ్లు అందని మెట్ట ఇది. ఎర్రటి నేల, తాటిచెట్లు, పొగాకు తోటలు, ఆకు మగ్గబెట్టే బ్యారన్లు. దారిలో కొట్టిన ఆకు వాసన ముక్కుకు పట్టేసింది. కలిగిరిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. ఈ జిల్లా పడమటి మండలాల్లో భూగర్భ జలంలో ఫ్లోరైడు సమస్య పాతది. దాహానికి వరదతో పని లేని పల్లెలు ఇవి.

దూబగుంట ఈ కలిగిరి మండలంలోదే. ఆ ఊరు చూడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను. 1980ల్లో ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను పాలిథిన్ ప్యాకెట్లలో నింపి పల్లె పల్లెకూ చేర్చింది. మంచినీళ్ల కుళాయి లేని గూడెంలో కూడా ప్యాకెట్టు సారా గుమ్మం ముందు దొరికేది. సాక్షరతా తరగతుల్లో అక్షరం నేర్చిన ఆడవాళ్లు, వాచకంలో తమ బతుకులాంటి కథే చదివి, ఊళ్లో సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ వారికి ముందు నిలిచింది. 1992కల్లా అది జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. రోశమ్మ 2016లో కాలం చేసింది.

ఊళ్లో వేపచెట్టు అరుగు మీద చింతపండు ఒలుస్తున్న ముసలమ్మలు ముగ్గురు కనిపించారు. ఎక్కడి నుంచి వచ్చానో చెప్పగానే ఒకావిడ జరిగి చోటిచ్చింది, ఇంకొకావిడ మనవడిని పిలిచి నీళ్లు తెమ్మంది. అప్పటి గొడవలు ఉత్సాహంగా చెప్పుకొచ్చారు. పోలీసులు రావడం, వేలంపాట ఆగడం, మొగుళ్లు అలగడం. నేను కార్టర్స్‌విల్ కథ చెప్పాను. బీరు చేసే కంపెనీ వరదలో నీళ్లు పంచుతుందంటే ఎలా ఉంటుందని అడిగాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దావిడ చింతగింజలు చేటలో ఒక పక్కకు నెట్టి అంది: "దప్పికతో ఉండేవాడికి నీళ్లు ఎవరిచ్చినా తాగాల్సిందే. నీళ్లకు దోసం ఏముండాది నాయనా? అయితే, ఆ డబ్బా ఎనకాలే వాడి సీసాలు గూడా ఊళ్లోకి వస్తే? అది చెప్పు ముందు."

ఆ ప్రశ్న ఎంత నిజమైనదో టీవీ పెట్టినవాళ్లందరికీ తెలుసు. మన దేశంలో టీవీలో మద్యానికి ప్రకటన ఇవ్వకూడదు. అందుకే మద్యం కంపెనీలు అదే పేరుతో, అదే బొమ్మతో సోడా, మంచినీళ్ల సీసాలకు ప్రకటనలు ఇస్తాయి. నీళ్లను ముసుగుగా వాడుకోవడం ఇక్కడ పాత అలవాటు. వరద రోజున దాహంతో ఉన్న పిల్లవాడి చేతిలో బీరు పేరున్న టిన్ను పెట్టడానికి నేను ఒప్పుకోను. దూబగుంట ఉన్న జిల్లాలో అసలే ఒప్పుకోకూడదు. టిన్ను తెల్లగా ఉండాలి. దాని మీద తాగునీరు అన్న మాట, నింపిన తేదీ, జిల్లా విపత్తు విభాగం ముద్ర, అంతే ఉండాలి.

ఈ పని మన వల్ల కాదని అనుకోవడానికి కారణం లేదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలంలో పెద్ద బీరు ఫ్యాక్టరీ ఉంది. తెలంగాణలో సంగారెడ్డి చుట్టూ ఉన్నాయి. కార్టర్స్‌విల్ ఫ్యాక్టరీ ఏ అంతర్జాతీయ సంస్థ చేతిలో ఉందో, ఆ సంస్థకే సంగారెడ్డి జిల్లాలోనూ ఫ్యాక్టరీ ఉంది. అమెరికాలో చేతనైనది ఇక్కడ చేతకాకపోదు. 2020లో కరోనా వచ్చినప్పుడు దేశంలోని డిస్టిలరీలు శానిటైజర్ తయారీకి మళ్లడం అందరం చూశాం. బీరు ఫ్యాక్టరీలు దూరమనుకుంటే శ్రీసిటీలో కూల్‌డ్రింకు ఫ్యాక్టరీ నెల్లూరుకు వంద కిలోమీటర్ల పైచిలుకే. ఆ కంపెనీలు వాడే నీళ్లు మన నేలవీ మన నదులవీ. అందులో కొంత ఏటా జనానికి తిరిగి ఇమ్మనడం దానం అడగడం కాదు.

చట్టం కూడా ఉంది. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 65వ సెక్షన్ కింద సహాయానికి అవసరమైన వనరులనూ వాహనాలనూ అధికారులు స్వాధీనం చేసుకోవచ్చు, దానికి తగిన పరిహారం ఇవ్వాలి. కానీ వరద వచ్చాక ఆర్డరు రాసుకుంటే లాభం లేదు. పడుగుపాడు దగ్గర దారి తెగితే సంగారెడ్డి లారీ ఎక్కడ ఆగుతుంది? సరుకు ముందే నదికి రెండు వైపులా ఉండాలి: ఇవతల నెల్లూరులో, అవతల కోవూరు, సంగంలో. సెప్టెంబరులో నింపి గోదాములో పెట్టాలి. జనవరి దాకా వాడకపోతే బడులకూ హాస్టళ్లకూ పంచేయాలి. ఖాళీ టిన్నులను పాత సామాన్ల వాళ్లే డబ్బులిచ్చి కొంటారు. ప్లాస్టిక్ ప్యాకెట్లలాగా అవి కాలువల్లో పేరుకుపోవు.

కలిగిరి నుంచి కావలి మీదుగా తుమ్మలపెంట చేరేసరికి పొద్దు వాలుతోంది. సరుగుడు తోపులు, ఇసుకలో ఆరేసిన వలలు, మెత్తళ్ల వాసన. 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గరే తీరం దాటింది. 2004 సునామీ ఈ తీరాన్నీ తాకింది. ఒక మత్స్యకారుల ఇంట్లో చేపల పులుసు పెట్టారు, మామిడికాయ వేసిన నెల్లూరు పులుసు. వద్దన్నా రెండోసారి వడ్డించారు. ఇంటి పెద్దాయన తుపాను తర్వాత బావుల సంగతి చెప్పాడు. ఉప్పెన నీళ్లు ఒకసారి బావిలో దిగితే నెలల తరబడి ఆ ఉప్పు పోదట. మా దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన తర్వాత కూడా ఇదే బాధ. మా నాయనమ్మ తరంవాళ్లు శవాల సంగతి ఎంత చెప్పేవారో, తాగే నీళ్ల కోసం నడిచిన మైళ్ల సంగతీ అంతే చెప్పేవారు. ఇన్నేళ్లలో తుపాను హెచ్చరికలు మెరుగయ్యాయి, షెల్టర్లు వచ్చాయి, చావులు తగ్గాయి. షెల్టరులో చేరినవాళ్లకు మొదటి రెండు రోజుల నీళ్ల విషయంలో మాత్రం అప్పటిలాగే ఎవరో ఒకరు తేవాలి.

నెల్లూరు జిల్లాలో ఈ వ్యాసం చదివేవారికి నా మనవి. ఆగస్టు 15న మీ ఊళ్లో గ్రామసభ జరిగితే లేచి నిలబడి మూడు ప్రశ్నలు అడగండి. ఈసారి వరద వస్తే మా ఊరికి తాగునీరు ఏ గోదాము నుంచి వస్తుంది? ఎవరు నింపుతారు? దారి తెగితే ఏ వైపు నుంచి తెస్తారు? జవాబును తీర్మానంగా రాయించి కలెక్టరుకు పంపండి. అక్టోబరు వానలకు అప్పటికి నెలన్నర వ్యవధి ఉంటుంది.